కూలి పనికెళ్లే ఇళ్లకి రైతు బజార్ కూరగాయలు అందాలంటే

రైతు బజార్లు 1999 జనవరిలో మొదలయ్యాయి, దళారీ లేకుండా రైతే తెచ్చి అమ్ముకుంటాడు, రేటు కూడా హోల్‌సేల్ కంటే కాస్త పైన, బయట రిటైల్ కంటే కింద ఉండేలా పెట్టి రోజూ బోర్డు మీద రాస్తారు. మరి కూలికెళ్లేవాళ్లు అక్కడ ఎందుకు కొనట్లేదంటే, కూరలు తాజాగా ఉండేది పొద్దున్నే, వీళ్ల చేతికి డబ్బులొచ్చేది సాయంత్రం లేదా మేస్త్రి బట్వాడా ఇచ్చిన రోజు. పైగా రెండు కిలోల కూరగాయల కోసం ఆటోకి పోనూ రానూ పెడితే మిగిలేదేం లేదు, అందుకే వీధి చివర కొట్లో పావుకిలో చొప్పున ఎక్కువ రేటుకి కొంటారు. కాబట్టి ముందు సర్దాల్సింది ఈ రెండూ, ఆటో ఖర్చు, డబ్బులందే టైము.

ఒకే వీధిలో ఎనిమిది పది ఇళ్లు కలవండి, అంతకుమించితే పంచడం కష్టం. కాస్త ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు తలా ఇంత వేసి పెట్టుబడి డబ్బు పెట్టండి, అది విరాళం కాదు, దాంతో పొద్దున కొంటారు, బట్వాడా రోజు ఎవరి లెక్క వాళ్లు కడితే మళ్లీ వారానికి అదే డబ్బు తిరుగుతుంది. డ్వాక్రా గ్రూపు ఉంటే ఇంకా సులువు, లెక్క రాయడం, వసూలు చేయడం వాళ్లకి అలవాటే.

ముందురోజు రాత్రి ఎవరికేం కావాలో వాట్సాప్‌లో వాయిస్ పెట్టమనండి, చదువురాని వాళ్లకి కూడా ఇబ్బంది ఉండదు. పొద్దున ఇద్దరు వంతులవారీగా వెళ్లి రేట్ల బోర్డు ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టాలి, ఇది మాత్రం ఏ రోజూ మానొద్దు, డబ్బు దగ్గర అనుమానం వచ్చిందంటే గ్రూపు నిలవదు. వీలైనంతవరకు ఒకే రైతు దగ్గర కొనండి, వారం వారం వస్తారని నమ్మకం కుదిరితే ఆయనే ఎక్కువ సరుకు తెస్తాడు, బుట్ట మొత్తం తీసుకుంటామంటే బోర్డు రేటుకి కొంచెం తగ్గిస్తాడు కూడా.

ఆకుకూరలు సాయంత్రం మూసే టైముకి చవగ్గా వస్తాయి, వెనక్కి మోసుకెళ్లడం ఏ రైతుకీ ఇష్టముండదు, కానీ అవి ఆ రాత్రే వండాలి. టమాటా రేటు పడిపోయినప్పుడు బాక్సులు కొని కోసి ఎండలో ఒరుగులు పెట్టుకోండి. 2023 జులైలో టమాటా కిలో వంద దాటితే ఆంధ్రలో రైతు బజార్లలో 50 రూపాయలకి ఇచ్చారు, అలాంటి కబురు తెలియగానే గ్రూప్‌లో చెప్పేయండి, పనిలో ఉన్నవాళ్లకి ఆలస్యంగా తెలిసేసరికి సరుకు అయిపోతుంది.

పంచేటప్పుడు కాటా పెట్టి అందరి ముందే తూచండి. బాకీలు మాత్రం అందరి ముందు చదవొద్దు, పని దొరకని వారం ఎవరికైనా వస్తుంది, విడిగా మాట్లాడి తర్వాతి వారాల్లో కొంచెం కొంచెంగా తీసుకోండి, ఈలోపు ఆ ఇంటి సంచి ఆపకండి, పిల్లలూ గర్భిణులూ ఉన్న ఇల్లైతే తోటకూరో గోంగూరో ఒక కట్ట ఎక్కువే వేయండి.