ప్రొవాన్స్ అడవుల్లో సైకిల్ తొక్కాలంటే ముందు రోజు సాయంత్రమే చూసుకోండి

వేసవిలో దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ ప్రాంతానికి వెళ్లి మౌంటెన్ బైక్ తొక్కాలనుకునేవాళ్లు మార్సెయ్ నగరం చుట్టుపక్కల కొండలకు నేరుగా బయల్దేరకండి. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు అక్కడి అడవుల్లోకి ప్రవేశం కార్చిచ్చు ప్రమాదాన్ని బట్టి మారుతుంది. ప్రిఫెక్చర్, అంటే మన కలెక్టరేట్ లాంటి ఆఫీసు, మర్నాటి మ్యాప్‌ని ముందు రోజు సాయంత్రం ఆన్‌లైన్‌లో పెడుతుంది. మీరు వెళ్లే కొండ ఎరుపు రంగులో ఉంటే లోపలికి వెళ్లకూడదు.

ఎండ మామూలుగానే ఉంది కదా అనుకోకండి. మిస్ట్రాల్ అనే పొడి గాలి ఉత్తరం నుంచి ఈడ్చి కొడితే, ఎండిన పైన్ చెట్లకీ పొదలకీ ఒక్క నిప్పురవ్వ చాలు. ఇరుకు దారిలో సైకిల్‌తో ఉన్న మనిషి తప్పించుకోవడం చాలా కష్టం. అందుకే ఇంకో దారి కూడా ముందే అనుకుని ఉంచుకోండి.

దారిలో ఒక త్రిభుజం, రెండు చక్రాలున్న గుర్తు కనిపిస్తే అది సైకిల్ మార్గం. త్రిభుజం మొన చూపే వైపు వెళ్లాలి. మార్గాలకి ఇచ్చే రంగులు వేరు. ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు: ఈ వరుసలో కష్టం పెరుగుతుంది. మొదటిసారైతే నీలం దాటకపోవడమే మంచిది, రాళ్లు బాగా జారతాయి.