మండల స్థాయిలో చదువుల వెనుకబాటును లెక్కగట్టడం ఎలా: గద్వాల ఉదాహరణగా

2011 జనాభా లెక్కల్లో హైదరాబాదు జిల్లా అక్షరాస్యత 83 శాతం దాటగా, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో అది 55 శాతమే. నివేదిక రాసేవారు చాలామంది ఈ అంకెతోనే మొదలుపెడతారు గానీ, అధికారులతో పని చేయించడానికి ఇది పెద్దగా అక్కరకు రాదు. ఏడేళ్లు, ఆపై వయసున్న వారందరినీ, అంటే బడి ముఖం చూడని తాతల తరాన్ని కూడా కలిపి తీసిన సగటు ఇప్పటి బడిలోని లోపాన్ని చూపదు. పైగా 2016 నుంచి ఆ జిల్లా విడిపోయి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వంటివి ఏర్పడ్డాయి కనుక పాత సగటును కొత్త జిల్లాకు అంటగట్టడం సరికాదు.

ముందుగా ప్రతి బడి యూడైస్ నివేదిక (బడులు ఏటా ప్రభుత్వానికి ఇచ్చే వివరాల పట్టిక) లోని తరగతివారీ నమోదును తీసుకోవాలి. ఒకే ఏడాది ఐదు, ఆరు తరగతులను పోల్చితే లెక్క తప్పుతుంది. నిరుడు ఐదులో ఉన్న పిల్లలను ఈ ఏడాది ఆరులో వెతకాలి. గురుకులానికో ప్రైవేటు బడికో మారినవారిని తీసివేశాక మిగిలేదే బడి మానినవారి అసలు అంకె.

తర్వాత నెలవారీ హాజరు చూడాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. గద్వాల ప్రాంతంలో సీడ్ పత్తి, అంటే కంపెనీల కోసం విత్తనానికి పండించే హైబ్రిడ్ పత్తి, పూతకు వచ్చినప్పుడు సాయంత్రం మొగ్గల్లోని పుప్పొడి భాగాన్ని తీసేసి, మర్నాడు ఉదయం మగ పువ్వును అద్దే క్రాసింగ్ పనికి పిల్లలను పెడుతూ వచ్చారు. వారి కూలి తక్కువ కావడమే దానికి కారణం. ఆగస్టు, సెప్టెంబరు హాజరును జూలై హాజరు పక్కన పెడితే ఈ నష్టం ఏ బడిలో ఎంతో తెలుస్తుంది. ఇలా ఏటేటా పాఠాలు పోగొట్టుకొని పదో తరగతి గణితంలో తప్పినవారు ఎందరు గుంపు మేస్త్రీ (కూలీలను గుంపుగా పనికి తీసుకెళ్లేవాడు) వెంట వలస వెళ్లారో ఊళ్లో అడిగి రాయాలి. ఊళ్లోనే మిగిలిన రైతు సంగతీ అంతే: అతను పండించిన విత్తనం జీఓటీ పరీక్షలో (విత్తనాన్ని మొలకెత్తించి, పెంచి జన్యు స్వచ్ఛతను చూసే పరీక్ష) నిలవలేదని కంపెనీ అంటే ఆ కాగితాన్ని చదివి ప్రశ్నించలేడు, పంట డబ్బు వదులుకుంటాడు. చదువుల లోటు ఊరి ఆదాయాన్ని దెబ్బతీసేది ఇక్కడే.

మంజూరైన ఉపాధ్యాయ పోస్టులు, పనిచేస్తున్నవారి వివరాలను సబ్జెక్టువారీగా సమాచార హక్కు కింద ఎంఈఓ (మండల విద్యాధికారి) కార్యాలయాన్ని అడగవచ్చు. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, జవాబిచ్చే గడువు 30 రోజులు. వలస కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టల్ (పెద్దలు వలస వెళ్లిన నెలల్లో పిల్లలు ఉండి చదువుకునే వసతి) కోరుతూ గ్రామసభ తీర్మానం చేయించి, ఈ పట్టికలను దానికి జతచేయాలి. వలసలు మొదలయ్యాక ఇస్తే ఆ ఏడాదికి ఉపయోగం ఉండదు కనుక వానాకాలంలోనే అందజేయాలి.