బరువు ఆగిపోతే నూనె సీసా చూడండి (నా అనుభవం)

బరువు 84 దగ్గర మూడు నెలలు కదల్లేదు. నడుము 98 సెం.మీ. మగవాళ్లకి 90 దాటితే షుగరు, బీపీ ముప్పు పెరిగినట్టే. జొన్నరొట్టె, గ్రీన్ టీ, కేబీఆర్ పార్కులో నడక, రాత్రి పస్తు, అన్నీ అయ్యాయి.

పనిచేసింది నూనె కొలత. ముందు వంట మార్చకుండా లీటరు ప్యాకెట్ మీద విప్పిన తేదీ రాశాను. నలుగురికి ఆరు రోజుల్లో ఖాళీ! అంటే మనిషికి రోజుకి 40 మి.లీ. పైనే, దాదాపు 340 కేలరీలు.

తర్వాత ప్రతి సోమవారం పొద్దున సీసాలో ఆ వారానికి 600 మి.లీ. పోసి, మిగతాది అటక మీద పెట్టాలి. గరిటెతో వంపకూడదు, 5 మి.లీ. చెంచాతోనే. పోపుకి రెండు చెంచాలు చాలు. చిక్కంతా వేపుళ్లతోనే: దొండకాయ, బెండకాయ నూనె తాగేస్తాయి. దొండకాయని ముందు ఆవిరి మీద సగం ఉడికించి, ఇనప మూకుడులో మూడు చెంచాలతో వేయించాలి. బెండకాయకి ఆవిరి వద్దు, జిగురు వస్తుంది; తడి తుడిచి, మూత పెట్టకుండా వేయించాలి. ఆవకాయ మీద తేలే నూనె కూడా లెక్కే (ఇది ఎవరూ ఒప్పుకోరు).

ఎనిమిది వారాల్లో రెండు కిలోలు తగ్గాను. బయట తిండి ఎక్కువైన ఇంట్లో ఇది పనిచేయకపోవచ్చు. థైరాయిడ్ ఉంటే ముందు డాక్టరుని కలవండి.