క్యురసావ్‌కి పార్సిల్ పంపేటప్పుడు దేశం పేరు ఎట్ల రాయాల
కడప నుంచి కరీబియన్ సముద్రంలోని దీవి క్యురసావ్‌లో ఉండే మనోళ్ళకి కారంపొడి పంపాలంటే ఫారంలో దేశం పేరు కాడే చానామంది ఆగిపోతారు. నెదర్లాండ్స్ అని పెట్టొద్దండి, ఆ రాజ్యంలో భాగమే గానీ 2010 అక్టోబర్ 10 నుంచి క్యురసావ్‌కి సొంత గవర్నమెంటు ఉండాది, మీ కారం యూరప్‌కి పోయినా పోతాది. పాత లిస్టుల్లో నెదర్లాండ్స్ యాంటిలీస్ అని కూడా కనపడతాది, అది క్యురసావ్ కూడా కలిసుండిన పాత దీవుల గుంపు, ఆ రోజే రద్దయిపాయె, వదిలేయండి.

ఇంగ్లీషులో సి యు ఆర్ ఏ సి ఏ ఓ అని కొట్టండి. రెండో సి కింద చిన్న తోక ఉంటే ఇంకా కరెక్టు, కానీ కొన్ని సైట్లు దాన్ని తీసుకోవు, ఇంగ్లీషోళ్ళు కూడా తోక లేకుండానే రాసేస్తుంటారు కాబట్టి టెన్షన్ వద్దు. పలికేటప్పుడు కురకావో అనొద్దబ్బా, అక్కడ స సౌండే.

పేరు దొరక్కుంటే సి డబ్ల్యు అనే దేశం కోడ్ వెతకండి. ఫోన్ నంబరు ప్లస్ 599, ఆ తర్వాత 9తో మొదలైతాది.