పన్ను తీయించుకోబోయే ముందు జాగ్రత్తలు

• వాడుతున్న మందుల చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి. "బీపీ మాత్రేదో వేసుకుంటాను" అంటే డాక్టరుకు తెలిసేది ఏమీ లేదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తాన్ని పలచబరిచే మందులైతే ముందే చెప్పాలి. రక్తం ఆగదేమోనన్న భయంతో సొంతంగా మానేయడం మాత్రం పంటి నొప్పికంటే పెద్ద ప్రమాదం. ఎముకలు గుల్లబారకుండా వాడే అలెండ్రోనేట్ సంగతి చాలామంది చెప్పరు, పంటికీ దానికీ ఏం సంబంధమని. సంబంధం ఉంది: పన్ను తీసిన చోట దవడ ఎముక మానడం కష్టం కావచ్చు.

• కృత్రిమ గుండె కవాటం ఉన్నవారు, గర్భిణులు, పెన్సిలిన్ పడనివారు అడగకపోయినా చెప్పాలి.

• ఆ చోటుకు మాత్రమే మత్తు ఇస్తే తిని వెళ్లడమే మంచిది, మధుమేహం ఉంటే మరీను. నిద్రమత్తు ఇస్తామంటే ఎంతసేపు పస్తుండాలో అడగండి. తిరిగి ఇంటికి చేర్చే తోడూ ఉండాలి.

• నొప్పి పంటి పక్కన ఆస్పిరిన్ మాత్ర నొక్కిపెట్టకండి. చిగుళ్లు తెల్లగా కాలి పొక్కుతాయి.

• సిగరెట్ ముందునుంచే ఆపండి. పొగ తాగడం వల్ల పన్ను తీసిన గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే, రెండు మూడు రోజులకు మొదలయ్యే పోటు ముందు పాత నొప్పి దిగదుడుపే.