బల్లి కణాలు నిలవడం లేదా? విశాఖ ల్యాబులో ఎక్కడ వెతకాలి

ఆడ అనోల్ బల్లి మగదాని వీర్యకణాలను నెలల తరబడి ఒంట్లో దాచుకోగలదు. గుడ్డు ఎప్పుడు ఫలదీకరణ చెందిందో బయటివాళ్లకు తెలియదు. జన్యువులను కత్తిరించే క్రిస్పర్ పరికరాన్ని మామూలుగా అప్పుడే ఫలదీకరణ చెందిన గుడ్డులోకి ఎక్కిస్తారు. ఇక్కడ అది కుదరక 2019లో బ్రౌన్ అనోల్‌లో క్రిస్పర్‌ను అండాశయంలోని పక్వం కాని అండాల్లోకే ఎక్కించాల్సి వచ్చింది. అంత పనికి దిగేముందు కత్తిరించాల్సిన చోటు చూపే గైడ్ ఆర్ఎన్ఏ పనిచేస్తుందో లేదో ఫ్లాస్కులో కణాల మీద చూసుకోవడం నయం. ముందు ఆ కణాలు బతకాలి కదా!

నిన్న అతుక్కుని ఉన్న కణాలు ఇవాళ గుండ్రంగా మారి పైకి తేలుతున్నాయి

ముందు ఇన్ఫెక్షన్‌ను అనుమానిస్తారు. విశాఖలో మే నెలలో అయితే ముందు వేడిని అనుమానించండి. బల్లి కణాలను సాధారణంగా 28-30 డిగ్రీల మధ్య పెంచుతారు. కణాలు పెంచే మామూలు సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) ఇంక్యుబేటర్ వేడి చేయగలదే తప్ప చల్లబరచలేదు. సెట్ చేసిన ఉష్ణోగ్రత గది కంటే నాలుగైదు డిగ్రీలైనా ఎక్కువ ఉంటేనే అది అదుపులో ఉంటుంది. సాయంత్రం ఏసీ ఆపేసి ఇంటికెళ్తే గది 33కి చేరుతుంది, లోపల అంతకంటే ఎక్కువే. పొద్దున ఏసీ వేశాక డిస్‌ప్లే మళ్లీ 29 చూపిస్తుంది, తప్పు ఎక్కడుందో దొరకదు. ఫ్లాస్కు పక్కన కనిష్ఠ-గరిష్ఠ థర్మామీటర్ పెట్టండి, రాత్రి సంగతి అదే చెబుతుంది.

రాత్రంతా ఏసీ నడపలేకపోతే, దాదాపు ప్రతి లైఫ్ సైన్సెస్ డిపార్ట్‌మెంట్‌లో ఉండే బీఓడీ ఇంక్యుబేటర్ వాడుకోవచ్చు. అది చల్లబరుస్తుంది కూడా. అందులో సీఓటూ ఉండదు కాబట్టి సీఓటూ అక్కర్లేని ఎల్-15 మీడియం (కణాలకు ఆహారమిచ్చే ద్రవం) వాడి మూత బిగించాలి. సీఓటూ కావాల్సిన డీఎంఈఎం మీడియం పెడితే ఊదా గులాబీ రంగుకు తిరుగుతుంది. ఎల్-15ను సీఓటూలో పెడితే పసుపెక్కుతుంది.

పెరుగుదల మరీ నెమ్మది

చాలాసార్లు ఇది జబ్బు కాదు, వాటి తీరే అంత. ఒక ఫ్లాస్కు కణాలను పది ఫ్లాస్కుల్లోకి పలచగా పంచకండి, రెండు మూడు ఫ్లాస్కులు చాలు. అయినా ఆగిపోతే మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా ఉందేమో పీసీఆర్ పరీక్ష చేయించండి. అది ఉన్నా మీడియం తేటగానే ఉంటుంది.

ఉన్నట్టుండి జోరుగా పెరుగుతున్నాయి

సంతోషించకండి. పక్క ఫ్లాస్కులోని మనిషి కణాలో ఎలుక కణాలో కలిసి ఉండొచ్చు. జాతిని గుర్తుపట్టడానికి వాడే సీఓఐ జన్యువును సీక్వెన్స్ చేస్తే (అందులోని అక్షరాలు చదివితే) ఏ జాతివో తేలిపోతుంది.

హెడ్జ్‌హాగ్ సిగ్నల్‌కు స్పందన లేదు

పిండంలో వేళ్లు, వెన్ను రూపుదిద్దుకోవడంలో కణాల మధ్య నడిచే ఈ సిగ్నల్‌ది పెద్ద పాత్ర. దాన్ని రేపే ఎస్ఏజీ మందు వేసినా, సిగ్నల్ అందితే చురుకెక్కాల్సిన జీఎల్ఐ1 జన్యువు పని పెరగలేదంటే, మందు కంటే ముందు సీలియాను చూడండి. ఈ సిగ్నల్ నడిచేది కణం మీద ఉండే ఆ ఒంటి రోమం గుండానే. నిండా సీరం (పెరుగుదల కోసం మీడియంలో కలిపే రక్తద్రవం) తాగి విభజన చెందుతున్న కణాల్లో అది సరిగా ఉండదు. కణాలు ఒత్తుగా నిండాక సీరం అర శాతానికి తగ్గించి, ఒకటి రెండు రోజులు ఆగండి. సీలియాలో ఉండే అసిటిలేటెడ్ ట్యూబులిన్ ప్రొటీన్‌కు రంగు వేసి సీలియా కనిపించాకే మందు వేయండి.

గైడ్ కత్తిరించడం లేదు

2011లో వచ్చిన గ్రీన్ అనోల్ జీనోమ్ చూసి డిజైన్ చేసి, బ్రౌన్ అనోల్ కణాల్లో వాడుతున్నారేమో చూడండి. డీఎన్ఏలో ఒక్క అక్షరం తేడా చాలు, గైడ్ పనిచేయకపోవచ్చు. మీ కణాల్లోనే ఆ భాగాన్ని సీక్వెన్స్ చేసి కొత్త గైడ్ రాయించుకోండి. అప్పటికీ ఫలితం లేకపోతే గైడ్‌ను కణంలోకి చేర్చే లిపిడ్ (కొవ్వు) రీఏజెంట్ మానేసి, కరెంటు పల్స్‌తో లోపలికి పంపే ఎలక్ట్రోపోరేషన్ చేసి చూడండి.