అమెరికా పాత రికార్డుల్లో ఒక మహిళ పౌరసత్వం తేల్చడం ఎలా

పుట్టిన ఊరు చూసి తీర్మానించకండి. ముందు పెళ్లి రిజిస్టరు తీసి, పెళ్లి తేదీ, భర్త ఏ దేశ పౌరుడు, ఇద్దరి జాతి రాసుకోండి. 1952 దాకా పౌరసత్వ చట్టంలో జాతి షరతు ఉండేది కాబట్టి ఈ వివరాలన్నీ కావాలి.

విదేశీ మహిళ అమెరికా పౌరుణ్ణి చేసుకుంటే 1855 నుంచి 1922 సెప్టెంబరు 22 దాకా పెళ్లితోనే పౌరసత్వం వచ్చేది. ఆమె పేరున సాధారణంగా విడిగా పత్రం దొరకదు. భర్త కాగితాలే వెతకాలి. ఈ వెసులుబాటు తెల్లజాతి మహిళలకు, 1870 తర్వాత ఆఫ్రికా సంతతి వారికి మాత్రమే. చైనా మహిళకు వర్తించదు.

1907 మార్చి 2 చట్టం ఇంకా ఘోరం. విదేశీయుణ్ణి చేసుకుంటే అమెరికాలో పుట్టిన మహిళ కూడా పరదేశీ అయిపోయేది. కాలిఫోర్నియాలో పుట్టిన ఎథెల్ మెకంజీ 1909లో స్కాట్లండ్ గాయకుణ్ణి పెళ్లాడింది. కాలిఫోర్నియాలో మహిళలకు ఓటు వచ్చాక నమోదుకు వెళ్తే, నువ్వు పౌరురాలివే కాదన్నారు. 1915లో సుప్రీంకోర్టూ అదే మాట ఖాయం చేసింది.

ఎక్కువమంది పొరబడేది ఆ తర్వాతి కాలంలో. మహిళ పౌరసత్వాన్ని భర్త పౌరసత్వం నుంచి విడదీసిన 1922 కేబుల్ చట్టంతో అన్యాయం తీరిపోయిందనుకుంటారు. కానీ జాతి కారణంగా పౌరసత్వానికి అనర్హుడైన విదేశీయుణ్ణి చేసుకుంటే, 1931 మార్చి దాకా పౌరసత్వం పోతూనే ఉంది. 1923లో, అమెరికా పౌరసత్వం కోరిన భారతీయుడు భగత్‌సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో భారతీయులూ అనర్హులయ్యారు; అమెరికాలో పుట్టిన మేరీ దాస్, బెంగాలీ విప్లవకారుడు తారక్‌నాథ్ దాస్ భార్య కావడంతో పౌరసత్వం పోగొట్టుకున్నారు. కాబట్టి ఆ తొమ్మిదేళ్లలో జరిగిన పెళ్లి అయితే భర్త జాతి తప్పక చూడండి.

జనగణనతో జాగ్రత్త. 1900, 1910 పత్రాల్లో పౌరసత్వ గడి విదేశాల్లో పుట్టి 21 ఏళ్లు నిండిన మగవారికే. మహిళల వరుసలో ఖాళీ ఉంటే పరదేశీ అని కాదు. 1920 నుంచి మహిళలకూ నింపారు, అయినా అది ఇంట్లోవాళ్లు చెప్పిన మాటే, రుజువు కాదు.

ఓటర్ల జాబితాలో పేరు లేకపోయినా పౌరురాలు కాదనకండి. నల్లజాతి మహిళలకు 1868 నుంచే పౌరసత్వం ఉంది. దక్షిణాది రాష్ట్రాల్లో 1965 దాకా వారిని ఓటుకు దూరంగా నెట్టారు. ఆదివాసీ మహిళలైతే, ఆదివాసీలందరికీ చట్టంతో పౌరసత్వం వచ్చిన 1924 జూన్ 2 తేదీ చూడాలి. 1888 తర్వాత తెల్లజాతి పౌరుణ్ణి చేసుకుని ఉంటే పెళ్లి తేదీయే లెక్క.

పోయిన పౌరసత్వం తిరిగి దక్కిందేమో తెలియాలంటే 1936 తర్వాతి విధేయతా ప్రమాణ పత్రాలను కోర్టు ఫైళ్లలో వెతకండి. మొదట్లో అవి వితంతువులకు, విడాకులైనవారికే; 1940 నుంచి, దేశంలోనే ఉంటూ వచ్చిన వివాహితలకూ అవకాశం ఇచ్చారు.